చట్టసభ నాయకుడి జీవితచరిత్ర రాయడం ఎలా? ఆచార్య రంగా ఉదాహరణగా

మన భాషలో రాజకీయ నాయకుల జీవితచరిత్రలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. పుట్టిన ఊరు, చదివిన బడి, దూకిన ఉద్యమం, వెళ్ళిన జైలు, ఎక్కిన పదవులు, అందిన బిరుదులు, చివరికి అంతిమయాత్ర. నాయకుడు ముఖ్యమంత్రిగానో మంత్రిగానో పనిచేసి ఉంటే కట్టించిన ప్రాజెక్టుల పేర్లయినా ఆ పుస్తకంలో మిగులుతాయి. జీవితమంతా చట్టసభలోనే గడిపి, అందులో కీలకమైన కాలమంతా ప్రభుత్వానికి ఎదురుగా కూర్చున్న మనిషి విషయంలో ఈ అచ్చు బొత్తిగా పనికిరాదు. ఆయన చేసిన పని మాట్లాడటం, సవరణలు ప్రతిపాదించడం, వద్దని ఓటు వేయడం. ఆ పనికి శిలాఫలకాలు ఉండవు కనుక, వెతికి పట్టుకుంటే తప్ప అది పుస్తకంలోకి రాదు.

ఆచార్య ఎన్.జి. రంగా విషయంలో జరిగింది అదే. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900 నవంబరు 7న పుట్టిన గోగినేని రంగనాయకులు ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పి, 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టి, 1991లో లోక్‌సభ నుంచి బయటికి వచ్చారు. మధ్యమధ్య ఓటములు, విరామాలు ఉన్నా, మంత్రి పదవి చేపట్టకుండా ఇంత దీర్ఘకాలం చట్టసభలతో ముడిపడిన తెలుగువాడు మరొకరు కనిపించరు. ఆయన పేరుతో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది కాబట్టి పేరు అందరికీ తెలుసు. ఆయన సభలో ఏం వాదించారో, దేన్ని అడ్డుకోవాలని చూశారో అడిగితే మాత్రం, చదువుకున్నవారు కూడా ‘రైతు నాయకుడు’ అన్న రెండు మాటల దగ్గర ఆగిపోతారు.

ఈ వ్యాసం అటువంటి నాయకుడి గురించి రాయదలచినవారి కోసం. జిల్లా చరిత్ర రాసేవారు, పరిశోధక విద్యార్థులు, తమ ప్రాంతపు పాత నాయకుడి మీద ఒక మంచి వ్యాసమైనా రాయాలనుకునే విలేఖరులు ఇందులో చెప్పిన పద్ధతిని ఏ నాయకుడికైనా వర్తింపజేసుకోవచ్చు. ఉదాహరణగా రంగా గారిని తీసుకున్నది, ఆయన జీవితంలో సంప్రదాయవాదం అన్న ముద్ర ఎంత నిజమో ఎంత ఇరుకో రెండూ స్పష్టంగా కనబడతాయి గనుక.

మొదట సభ్యత్వాల పట్టిక

ఒక్క వాక్యం రాయకముందే ఒక పట్టిక తయారుచేసుకోండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ సభలో, ఏ స్థానం నుంచి, ఏ పార్టీ తరఫున అన్న నాలుగు గడులు చాలు. గెలిచిన ఎన్నికలతో పాటు ఓడిన ఎన్నికలు, సభలో లేని సంవత్సరాలు కూడా అందులో ఉండాలి. 1952 తర్వాతి ఎన్నికలకు ఎన్నికల సంఘం ప్రచురించిన గణాంక నివేదికలు స్థానాలవారీగా దొరుకుతాయి. ఉప ఎన్నికల వివరాలు మాత్రం వాటిలో ఉండవు కాబట్టి వాటికోసం సభ ప్రచురించిన సభ్యుల జాబితాలను విడిగా చూసుకోవాలి.

రంగా గారి పట్టికలో ఖాళీలే ఎక్కువ సంగతులు చెబుతాయి. ఆయన 1951లో ఆంధ్ర ప్రాంతపు ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ (పీసీసీ) అధ్యక్ష ఎన్నికలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయి, కాంగ్రెసును వదిలి కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. ఆ పార్టీ 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 15 స్థానాలు గెలుచుకుంది. ఆయన రాజ్యసభకు వెళ్ళారు. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా ఏర్పడిన ఐక్య కాంగ్రెస్ కూటమిలో ఆయన పార్టీ చేరింది, ఆయన మళ్ళీ కాంగ్రెసు మనిషి అయ్యారు. 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1959లో మళ్ళీ కాంగ్రెసును విడిచి, రాజాజీ నేతృత్వంలో కొత్తగా ఏర్పడిన ‘స్వతంత్ర పార్టీ’కి అధ్యక్షులయ్యారు. 1962లో సొంత గడ్డ తెనాలిలోనే ఓడిపోయారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. అఖిల భారత పార్టీకి అధ్యక్షుడు తన స్వస్థలంలో ఓడిపోయి, అదే ఏడాది చిత్తూరులో ఉప ఎన్నిక ద్వారా సభలోకి వచ్చాడు. అక్కడ 1962లో గెలిచిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్ళడంతో ఆ స్థానం ఖాళీ అయింది. 1967లో రంగా శ్రీకాకుళం నుంచి సభకు వచ్చారు. అది ఆయన శిష్యుడిగా చెప్పుకొన్న గౌతు లచ్చన్న గెలిచి, గురువు కోసం వదులుకున్న స్థానం. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం అంటే డెల్టా మాగాణి, రాయలసీమ మెట్ట, ఉత్తరాంధ్ర కొండవాలు. ఈ మూడు చోట్ల ఆయనకు ఓటు వేసినవారు ఒకే కారణంతో వేసి ఉండరు. ఆ కారణాలు వెతకడమే మీ పుస్తకంలో ఒక అధ్యాయం అవుతుంది. తర్వాతి కాలం సులభం. 1971 తర్వాత సభలో విరామం, తిరిగి కాంగ్రెసులోకి రాక, 1977లో రాజ్యసభ, 1980, 1984, 1989లలో గుంటూరు నుంచి లోక్‌సభ.

పట్టిక తయారయ్యాక మరొక పని చేయాలి. జనం నోట నలిగిన బిరుదులను దానితో సరిపోల్చుకోవాలి. రంగా గారిని లోక్‌సభలో ‘ప్రతిపక్ష నాయకుడు’ అని చాలామంది రాస్తారు. 1962లో స్వతంత్ర పార్టీకి వచ్చినవి 18 స్థానాలు. 1967లో 44 స్థానాలతో ప్రతిపక్షాలన్నింటిలోకీ పెద్ద పార్టీ అయింది, కాని 520 స్థానాల సభలో అధికారిక గుర్తింపుకు కావలసిన పదోవంతు, అంటే 52, దానికి దక్కలేదు. లోక్‌సభలో ఆ గుర్తింపు తొలిసారి పొందినది 1969లో కాంగ్రెసు చీలిన తర్వాత రామ్ సుభగ్ సింగ్. కాబట్టి రంగా గారిని స్వతంత్ర పార్టీ పక్ష నాయకుడు అనాలి. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు, కాని గుర్తింపు లేని పక్షానికి చర్చలో దొరికే సమయం వేరు, సభలో నిలబడి మాట్లాడవలసిన తీరు వేరు. ఆ ఇబ్బంది మధ్య పనిచేసిన మనిషికి లేని హోదా కట్టబెడితే ఆయన పడిన శ్రమ తగ్గిపోతుంది.

ముద్ర వేసే మాటను ముందే తూచుకోండి

ఇంగ్లీషులో ఇటువంటి నాయకులకు ‘కన్సర్వేటివ్’ అని ఒకే మాట ఉంది, అన్నిచోట్లా అదే వాడేస్తారు. తెలుగులో అది కుదరదు, కుదరకపోవడం ఒక విధంగా మన అదృష్టం. మనకు నాలుగు మాటలు ఉన్నాయి, నాలుగూ నాలుగు దారులు పడతాయి. ‘సంప్రదాయవాది’ అంటే ఆచారాలు, కుటుంబం, మతం గుర్తుకు వస్తాయి. ‘మితవాది’ అంటే పత్రికల్లో వామపక్షానికి ఎదుటివాడు, కాని పాఠ్యపుస్తకాల్లో 1907 సూరత్ చీలిక నాటి గోఖలే వర్గం. ‘ఛాందసవాది’ అంటే నింద. ‘అభివృద్ధి నిరోధకుడు’ అనేది కమ్యూనిస్టు పత్రికలు, వేదికలు ప్రత్యర్థుల మీద వాడుతూ వచ్చిన మాట.

రంగా గారికి వీటిలో ఏదీ చక్కగా అతకదు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. జమీందారీ వ్యవస్థను రద్దు చేయాలని ఊరూరా తిరిగిన మనిషి. రాజ్యాంగ సభ తొలి రోజుల చర్చల్లో, ఈ దేశంలో అసలైన అల్పసంఖ్యాకులు ఎవరంటే కష్టజీవులైన సామాన్య ప్రజలే అన్న అర్థంలో వాదించినవాడు. అటువంటివాడు 1959 వచ్చేసరికి రాజాజీ పక్కన, రాజులూ వ్యాపారులూ చేరిన పార్టీకి అధ్యక్షుడు ఎలా అయ్యాడన్నదే మీ పుస్తకానికి వెన్నెముక కావాలి. మొదటి పేజీలోనే ‘మితవాద నాయకుడు’ అని రాసేస్తే, ఆ ప్రశ్న అడగకుండానే జవాబు చెప్పినట్టు అవుతుంది.

నా అభిప్రాయం ఏమిటంటే, ఆయన కాపాడాలనుకున్నది గతాన్ని మొత్తంగా కాదు, సొంత భూమిని సొంతంగా సాగుచేసుకునే రైతు హక్కును. జమీందారు ఆ హక్కుకు అడ్డం వచ్చినప్పుడు జమీందారుతో తలపడ్డారు. ప్రభుత్వం అడ్డం వస్తోందని నమ్మినప్పుడు ప్రభుత్వంతో తలపడ్డారు. ఇది నా అభిప్రాయం మాత్రమే, మీరు రికార్డు చదివి వేరే నిర్ణయానికి రావచ్చు. ఏ నిర్ణయానికి వచ్చినా, ఆయన దేన్ని కాపాడాలనుకున్నారో ఒక్క వాక్యంలో రాసి బల్ల మీద ఎదురుగా పెట్టుకోండి. ఆ వాక్యానికి విరుద్ధంగా కనబడిన ప్రతి సంఘటననూ విడిగా ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్ళండి. రాత పూర్తయ్యేసరికి ఆ కాగితం నిండకపోతే, మీరు విరుద్ధమైనవాటిని చూడటం మానేశారని అర్థం.

సభా చర్చలను చదవడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. రాజ్యాంగ సభ చర్చలు, లోక్‌సభ, రాజ్యసభ చర్చలు ఇప్పుడు చాలావరకు అంతర్జాలంలోనే చదువుకోవచ్చు. మొదటి అడ్డంకి పేరు. ‘గోగినేని’ అని వెతికితే ఏమీ దొరకదు. ఆ సంపుటాల్లో ఆయన ‘ప్రొఫెసర్ ఎన్.జి. రంగా’, ‘శ్రీ రంగా’ వంటి పేర్లతో కనబడతారు, చాలాచోట్ల పక్కన కుండలీకరణంలో నియోజకవర్గం పేరు ఉంటుంది. పాత పుటలను యంత్రంతో చదివించి తయారుచేసిన అక్షరాలలో పొరపాట్లు చాలా ఉంటాయి కనుక, వెతుకులాట మీద పూర్తిగా ఆధారపడక, ప్రతి సమావేశానికీ ఉన్న విషయసూచికను కంటితో చూసుకోవడమే మేలు. ఒక్కొక్క సమావేశానికి ఒక పూట పడుతుంది, ఆ పూట వృథా కాదు.

రెండవది, ఉపన్యాసాన్ని ఒంటరిగా చదవవద్దు. ముందు మాట్లాడినవారిని, తర్వాత జవాబిచ్చిన మంత్రిని, మధ్యలో నమోదైన అంతరాయాలను కలిపి చదవాలి. సభలో ఒక మాటకు ఎవరు ఎక్కడ అడ్డుపడ్డారో చూస్తే, ఆ మాట ఎవరికి గుచ్చుకుందో తెలుస్తుంది. సభాపతి ఎవరో కూడా గమనించాలి. 1967 మార్చి నుంచి 1969 జూలై వరకు సభాపతి స్థానంలో ఉన్నది నీలం సంజీవరెడ్డి. 1951లో ఎవరి చేతిలో ఓడి రంగా కాంగ్రెసును వదిలారో, ఆయన ఎత్తయిన కుర్చీలో కూర్చుని ఉంటే, ఈయన కింద ప్రతిపక్షం ముందు వరుసలో లేచి ‘అధ్యక్షా’ అని సంబోధించవలసి వచ్చింది. ఇద్దరూ తెలుగు నేల మీద ఒకే పార్టీలో పెరిగినవారు. అదే సంజీవరెడ్డి 1969లో రాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు, స్వతంత్ర పార్టీ మాజీ ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌కు మొదటి ప్రాధాన్యం ఇచ్చి, రెండవ ప్రాధాన్యం సంజీవరెడ్డికి ఇచ్చింది. ఇటువంటి సంగతి సభా చర్చల పుటల్లోనూ ఆ నాటి పత్రికల్లోనూ ఏకకాలంలో వెతికేవారికే పట్టుబడుతుంది.

మూడవది, పార్టీ మాటకు, మనిషి మాటకు తేడా తెలుసుకోవడం. స్వతంత్ర పార్టీకి 21 మౌలిక సూత్రాలు ఉండేవి. వాటిలో చివరిది, ఆ సూత్రాల పరిధిలోకి రాని విషయాల్లో సభ్యులు తమకు తోచిన అభిప్రాయం చెప్పుకోవచ్చునన్నది. అంటే భాష మీదనో విదేశాంగ విధానం మీదనో రంగా చెప్పిన మాటను పార్టీ విధానమని రాయకముందు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. ఆస్తి హక్కు, వ్యవసాయం మీద చెప్పిన మాటలకు ఆ సందేహం అక్కరలేదు.

ఒక్క చట్టాన్ని దగ్గరగా తీసుకుని చూపిస్తాను, ఎందుకంటే నాయకుడి జీవితమంతా చదివినా అర్థం కానిది ఒక్కోసారి ఒక్క బిల్లులో తెలిసిపోతుంది. రంగా విషయంలో అది రాజ్యాంగ 17వ సవరణ.

దీనికి వెనుక కథ నాగపూర్‌లో ఉంది. 1959 జనవరిలో అక్కడ జరిగిన కాంగ్రెసు మహాసభ భూపరిమితిని, ఉమ్మడి సహకార సేద్యాన్ని కోరుతూ తీర్మానం చేసింది. రంగా దాన్ని వ్యతిరేకించి కాంగ్రెసును వదిలారు. ఉత్తరప్రదేశ్ రైతు నాయకుడు చరణ్ సింగ్ కూడా ఆ సభలో దాన్ని గట్టిగానే వ్యతిరేకించారు గాని, అప్పటికి పార్టీలోనే ఉండిపోయారు. ఒకే కారణంతో ఒకరు వెళ్ళడం, ఒకరు ఉండటం ఎందుకు జరిగిందన్నది జీవితచరిత్రకారుడు వదిలిపెట్టకూడని ప్రశ్న. ఆ ఏడాది జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీని ప్రకటించారు.

తర్వాత వచ్చిన 17వ సవరణ ‘ఎస్టేట్’ అన్న మాటకు, అంటే ప్రభుత్వం తీసుకుంటే కొన్ని ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టులో సవాలు చేయడానికి వీల్లేని భూమికి, అర్థాన్ని విస్తరించింది. అంతవరకు ఆ మాట వినగానే మనవారికి జమీందారీ, ఇనాము గుర్తుకు వచ్చేవి. ఇకమీదట రైతువారీ భూమి, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే భూమి, కూడా దాని కిందికి వస్తుందని సవరణ చెప్పింది. దీని బరువు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పట్టా చేత పట్టుకున్న రైతు ఇంట్లో కూర్చుని చదివితే తెలుస్తుంది. తాత జమీందారుకు శిస్తు కట్టి విసిగిపోయాడు. రైతువారీ పట్టా అంటే జమీందారు లేని స్వేచ్ఛ అని తండ్రి నమ్మాడు. ఇప్పుడు ఆ పట్టా భూమికి చట్టం జమీందారీతో ఒకే పేరు పెడుతోంది. దాంతోపాటే, పరిమితి లోపల సొంత సాగులో ఉన్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే బజారు ధర ఇవ్వాలన్న నిబంధన కూడా అదే సవరణలో చేరింది. మీరు రెండూ రాయాలి. మొదటిది మాత్రమే రాస్తే రంగా భక్తుల పుస్తకం అవుతుంది, రెండవది మాత్రమే రాస్తే ప్రభుత్వ ప్రకటన అవుతుంది.

ఈ సవరణ కోసం చర్చలు వెతికేవారికి ఒక హెచ్చరిక. చట్టం అయినప్పుడు అది 17వ సవరణ, కాని ఆ రూపంలో సభకు వచ్చిన 1964 బిల్లు పేరు 19వ సవరణ బిల్లు. అంతకు ముందు వచ్చిన బిల్లు 1964 ఏప్రిల్‌లో లోక్‌సభలో వీగిపోయింది. రాజ్యాంగ సవరణకు హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులతో పాటు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా మద్దతు కూడా కావాలి. ఆ రెండవ లెక్క తప్పింది. ఇక్కడ అభిమానులు చేసే పొరపాటు, ‘రంగా గారు ఆ బిల్లును ఓడించారు’ అని రాయడం. మూడు వందల అరవైకి పైగా స్థానాలు గెలిచిన పాలక పక్షం తన సభ్యులను హాజరు పరచలేకపోవడం వల్ల బిల్లు వీగింది. స్వతంత్ర పార్టీ సభ్యుల వాదన ఎంత బలమైనదైనా, వారి ఓట్ల సంఖ్య దానికి చాలదు. మే 27న నెహ్రూ మరణించారు, జూన్‌లో బిల్లు మళ్ళీ వచ్చి నెగ్గింది. ఓటింగ్ జరిగిన రోజు అవునన్నవారి పేర్లు, కాదన్నవారి పేర్లు అక్షరక్రమంలో ముద్రించి ఉంటాయి. ఆ రెండు జాబితాలను తెల్లకాగితం మీద మీ చేతితో ఎత్తి రాసుకోండి. ఆంధ్ర ప్రదేశ్ నుంచి ఎన్నికైన సభ్యుల్లో ఎవరి పేరు ఏ వైపు ఉందో, ఎవరి పేరు అసలు లేదో అప్పుడు కనబడుతుంది. గైర్హాజరైనవాడు ఎందుకు రాలేదన్నది ఊరి వైపు పంపే ప్రశ్న.

కథ సభతో ముగియలేదు. భూపరిమితి చట్టాల మీద పంజాబు నుంచి వచ్చిన గోలక్‌నాథ్ కేసులో 1967 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 6–5 తేడాతో, ఇకమీదట పార్లమెంటు ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణలు చేయలేదని తీర్పు ఇచ్చింది. జరిగిపోయిన 17వ సవరణను మాత్రం కదపలేదు. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి నాయకత్వం వహించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తెలుగువారు. కొద్ది వారాలకే పదవి వదిలి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో జాకీర్ హుస్సేన్‌పై పోటీ చేసి ఓడిపోయారు. స్వతంత్ర పార్టీ ఆయనను బలపరిచింది. ఒక నాయకుడు సభలో ఓడిన వాదన న్యాయస్థానంలో కొంత గెలవడం, మళ్ళీ ఎన్నికలో ఓడటం, ఇదంతా ఒకే దారంగా రాయగలిగితే పాఠకుడు పుస్తకం పక్కన పెట్టడు.

ఈ కాలం గురించే మరొక అంకె గుర్తుంచుకోవాలి. 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ ప్రతిపాదించిన అవిశ్వాస తీర్మానం, స్వతంత్ర భారత పార్లమెంటులో మొదటిది, 62 – 347 తేడాతో వీగిపోయింది. చట్టసభల్లో ఓటమి అంకెల్లోనే ఉంటుంది గాని, ఆ 62 మంది ఒకచోట చేరడం వెనుక జరిగిన పని అంకెల్లో ఉండదు. జనసంఘం నుంచి సోషలిస్టుల వరకు ఒకరంటే ఒకరికి పడనివారు అందులో ఉన్నారు.

జమీందారు ప్రశ్న నుంచి తప్పించుకోవద్దు

స్వతంత్ర పార్టీలో రామ్‌గఢ్ రాజా ఉన్నారు. 1962లో జైపూర్ నుంచి పోలైన సుమారు రెండున్నర లక్షల ఓట్లలో 1,92,909 తెచ్చుకుని గెలిచిన మహారాణి గాయత్రీదేవి ఉన్నారు. బొంబాయి వ్యాపార వర్గాలకు దగ్గరైన మీనూ మసానీ ఉన్నారు. జమీందారీల రద్దు కోసం పోరాడిన కిసాన్ సభ కార్యదర్శి వీరందరి పక్కన కూర్చున్నారు. దీన్ని ‘కాలం తెచ్చిన మార్పు’ అని ఒక్క ముక్కలో దాటేయడం పాఠకుడిని మోసగించడమే.

దీనికి రంగా పక్షం చెప్పే సమాధానం ఉంది. సంస్థానాలు, జమీందారీలు అప్పటికే రద్దయ్యాయి, ఇక మిగిలిన పెద్ద భూస్వామి ప్రభుత్వమే అవుతుందన్న భయం అది. దానికి ఎదురు ప్రశ్న కూడా ఉంది. భూమి ఉన్న రైతు హక్కు సరే, అదే ఊళ్ళో కౌలుకు చేసేవాడి మాట, కూలి నాలి చేసుకునేవాడి మాట ఎవరు మాట్లాడారు? కమ్యూనిస్టులు ఆయనను నిలదీసింది ఇక్కడే. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో ఆ వాదన గాలిలో మాట కాదు, ఊరి చివర ఇళ్ళలో రోజూ వినబడిన మాట. ఆయన రాతల్లో, ఉపన్యాసాల్లో కౌలుదారుల గురించి, వ్యవసాయ కార్మికుల గురించి ఉన్న ప్రతి పంక్తినీ వెతికి తీసి, సంవత్సరాల వరుసలో పెట్టండి. 1930లలో ఏమన్నారు, 1960లలో ఏమన్నారు అన్నది పక్కపక్కన పెడితే, వాదించవలసిన అవసరం మీకు ఉండదు. పాఠకుడే చూసుకుంటాడు.

కులం సంగతి కూడా రాయాలి. 1951 నాటి పీసీసీ పోటీని సిద్ధాంతాల తగాదాగా మాత్రమే చూపిస్తే కోస్తాలో పుట్టి పెరిగిన ఏ పాఠకుడూ నమ్మడు. కమ్మ, రెడ్డి వర్గాల మధ్య నాయకత్వ పోటీ ఆ నాటి కాంగ్రెసులో బహిరంగ సత్యం. అలాగని అన్నింటికీ కులమే కారణమని రాస్తే లచ్చన్న వంటి గీత కార్మిక కుటుంబం నుంచి వచ్చిన నాయకుడు జీవితాంతం రంగాను గురువుగా ఎందుకు భావించారో చెప్పలేరు. రెండు వైపులా ఆధారాలు పెట్టి, గౌరవంగా, నీళ్ళు నమలకుండా రాయడమే దారి.

పత్రికలు, ఊళ్ళు, మనుషులు

పాత పత్రికల కోసం దూరం వెళ్ళనక్కరలేదు. నిడుబ్రోలు నుంచి రైలు మార్గం మీదుగా బాపట్ల, చీరాల వైపు వెళితే వేటపాలెం వస్తుంది. అక్కడ 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికల నిధి ఉంది. ఒకే రోజు వార్తను కనీసం రెండు పత్రికల్లో చదవాలన్న నియమం పెట్టుకోండి. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ ఒక సభను రాసిన తీరు వేరు, కమ్యూనిస్టుల విశాలాంధ్ర రాసిన తీరు వేరు. ఎంతమంది వచ్చారన్న దగ్గరనుంచి ఎవరు గొడవ చేశారన్న దాకా తేడా ఉంటుంది. ఆ తేడానే మీకు కావలసిన సమాచారం. 1953కు ముందు ప్రభుత్వ దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచ్య పత్ర భాండాగారాన్ని చూడక తప్పదు. అప్పట్లో మనది మద్రాసు రాష్ట్రమే కదా.

ఊళ్ళో పెద్దలను కలిసేటప్పుడు ప్రశ్న అడిగే తీరు మీద అంతా ఆధారపడి ఉంటుంది. ‘రంగా గారి గొప్పతనం గురించి చెప్పండి’ అని అడిగితే సంతాప సభలో ఉపన్యాసం వినిపిస్తారు. ‘తాతగారూ, నక్షత్రం గుర్తు మీద మీ ఇంట్లో ఎవరైనా ఓటు వేశారా అండీ? కంకి కొడవలికి ఎవరు వేశారు?’ అని అడిగి చూడండి. నక్షత్రం స్వతంత్ర పార్టీ గుర్తు. ఆ ఒక్క ప్రశ్నకు ఇల్లంతా తెరుచుకుంటుంది. అన్నదమ్ములు చెరొక పక్షాన ఉండటం, పెళ్ళి సంబంధాలు ఆగిపోవడం, సీలింగ్ (భూపరిమితి) చట్టం వస్తుందని భూమిని పిల్లల పేర పంచి రాయడం, ఆ రాసిన దస్తావేజు ఇప్పటికీ బీరువాలో ఉండటం బయటపడవచ్చు. దస్తావేజు చూపిస్తే తేదీ రాసుకోండి, పేర్లు రాసుకోవద్దు. ఆ ఇంటివారు చెప్పిన మాటలను వారి అనుమతి లేకుండా పేర్లతో అచ్చు వేయకూడదు. ఆడవారిని విడిగా అడగడం మరిచిపోవద్దు, ఓటు విషయంలో వాళ్ళ జ్ఞాపకం వేరుగా ఉండటం కద్దు.

జ్ఞాపకాన్ని తేదీతో సరిచూసుకోవాలి. ఇంత దీర్ఘకాలం సభల్లో ఉన్న నాయకుడి విషయంలో ముసలివారి మనసులో 1955 ఎన్నిక, 1962 ఎన్నిక కలిసిపోవడం సహజం. మొదట తయారుచేసుకున్న పట్టిక జేబులో ఉంటే, సంభాషణ మధ్యలోనే ‘అప్పటికి ఆయన కాంగ్రెసులో ఉన్నారు కదండీ’ అని మెల్లగా గుర్తుచేయవచ్చు.

రాత మొదలుపెట్టేటప్పుడు

పుట్టుకతో మొదలుపెట్టకండి. 1964 ఏప్రిల్‌లో లోక్‌సభలో ఓట్లు లెక్కించిన రోజుతో మొదలుపెట్టవచ్చు, లేదా 1962లో తెనాలి ఫలితం తెలిసిన రోజుతో మొదలుపెట్టవచ్చు. నేనైతే తెనాలితో మొదలుపెడతాను, ఎందుకంటే సొంత ఊరి జనం ఎందుకు వద్దన్నారన్న ప్రశ్న పాఠకుడి చెయ్యి పట్టుకుని నిడుబ్రోలుకూ, లక్నోకూ, నాగపూర్‌కూ తీసుకువెళుతుంది. ఆక్స్‌ఫర్డ్ చదువుకు మూడు పేజీలు చాలు. స్వతంత్ర పార్టీ పన్నెండేళ్ళకు పుస్తకంలో సగం ఇవ్వండి. 1991లో వచ్చిన పద్మవిభూషణ్‌కు ఒక్క పంక్తి చాలు.

చివరి అధ్యాయం కష్టమైనది. 1971లో స్వతంత్ర పార్టీ 8 స్థానాలకు పడిపోయింది. 1972 డిసెంబరులో రాజాజీ కన్నుమూశారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగా మాత్రం ఏ కాంగ్రెసును వ్యతిరేకిస్తూ పార్టీ పెట్టారో ఆ కాంగ్రెసులోకే తిరిగి వచ్చి, గుంటూరు నుంచి మూడుసార్లు గెలిచారు. అభిమానులు ఈ భాగాన్ని వేగంగా దాటిపోతారు, విమర్శకులు ఇక్కడే ఆగి పండుగ చేసుకుంటారు. 1980 తర్వాత సభలో రైతుల గురించి, ధరల గురించి, భూమి గురించి ఆయన మాట్లాడిన సందర్భాలను పాత ఉపన్యాసాల పక్కన పెట్టి చదవండి. మాట మారిందా, మాట అలాగే ఉండి కూర్చున్న వైపు మారిందా అన్నది రికార్డు నుంచే తేల్చాలి. ఆయన 1995 జూన్‌లో కన్నుమూశారు.

రాతప్రతి పూర్తయ్యాక అచ్చుకు పంపే ముందు ఇద్దరికి ఇవ్వండి. ఒకరు స్వతంత్ర పార్టీకి పనిచేసిన ఇంటినుంచి వచ్చినవారై ఉండాలి, మరొకరు అదే ప్రాంతంలో కమ్యూనిస్టు కుటుంబం నుంచి వచ్చినవారై ఉండాలి. ఇద్దరూ ఎర్ర సిరాతో గీసిన చోట్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే వాక్యం మీద ఇద్దరూ గీత గీస్తే, ఆ వాక్యానికి మూలమైన సభా చర్చల పుటను మళ్ళీ తెరవండి.